అడిగినవారు ఎవరు?

పోయిన ఏడాది కార్తికానికి కొంచెం ముందు ఒక రాత్రి మా అక్క తెనాలి నుంచి ఫోన్ చేసి, పలకరింపులు కూడా లేకుండా, "వాడికి వైరాగ్యం వచ్చిందే" అని ఏడ్చింది. వాడంటే మా అక్క కొడుకు. ఇంజనీరింగ్ పూర్తిచేసి, క్యాంపస్‌లో ఉద్యోగం సంపాదించి, చేరవలసిన తేదీని కంపెనీవారు మూడుసార్లు వాయిదా వేయగా ఇంట్లోనే ఉన్నాడు. రాత్రి పన్నెండు దాటినా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ప్రవచనాలు వింటున్నాడట. ఉద్యోగం మాయ, సంపాదన మాయ, చివరికి తల్లి కూడా మాయేనని చెప్పాడట. అన్నం మాత్రం మాయ కాదు కదా, రెండు పూటలా తింటున్నాడు కదా అని నేను నవ్వించబోయాను గాని, ఆమె నవ్వలేదు.

నేను గుంటూరులో ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ఇరవై ఏళ్ల వయసు పిల్లలతోనే నాకు రోజు గడుస్తుంది కనుక, వాళ్లు దేవుణ్ణి ఫోన్‌లో వెతుక్కోవడం నాకు కొత్త సంగతి కాదు. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజున ఉదయం పది గంటల తరగతిలో సగం మంది తలలు బల్లల కిందికి ఎందుకు వంగుతాయో తెలియనట్టు నటించడం కూడా నాకు అలవాటైపోయింది. అయితే ఇంట్లోవాడి మీదికి వచ్చేసరికి, ఇన్నాళ్లూ దూరం నుంచి చూసిన దాన్ని దగ్గర కూర్చొని చూడవలసి వచ్చింది. ఆ తరువాతి పౌర్ణమికి వాడు ముగ్గురు స్నేహితులతో కలిసి తమిళనాడులోని అరుణాచలం (తిరువణ్ణామలై) వెళుతున్నాడని తెలిసి, నేనూ వస్తానన్నాను. "మీరెందుకు పిన్నీ, అది పద్నాలుగు కిలోమీటర్ల నడక" అన్నాడు. వాణ్ణి చూడడానికేనన్న మాట చెప్పకుండా, గిరిప్రదక్షిణ నాకు చాలాకాలపు కోరిక అని చెప్పాను. అదీ అబద్ధం కాదు.

ఈ విషయం రాసేవారిలో చాలామంది, ఫోన్ వచ్చి భక్తి చెడిపోయిందనో, ఫోన్ వల్లనే భక్తి బతికిందనో ముందే ఒక వైపు నిలబడి రాస్తారు. నాకు ఆ రెండు మాటలూ నచ్చవు. మా ఇంట్లో కూడా భక్తి యంత్రంలోంచే వచ్చింది, ఆ యంత్రం రేడియో. ఆదివారం మధ్యాహ్నం ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గొంతు మొదలయ్యేసరికి మా తాతయ్య భోజనం ముగించి, వసారాలో పడక కుర్చీ వేయించుకొని, మమ్మల్నందరినీ నోరు మూసుకోమనేవాడు. రామాయణ భారతాల మీద ఆయన చెప్పిన మాటలు ఎంత ఇష్టమో, శ్రోతలు ఉత్తరాల్లో రాసి పంపే ధర్మసందేహాలకు ఆయన ఇచ్చే జవాబులు తాతయ్యకు అంతకంటే ఇష్టం. ఏటిసూతకంలో గుడికి వెళ్లవచ్చా, అల్లుడు మామకు కర్మ చేయవచ్చా, ఇలాంటివే ఎక్కువ. జవాబు వినగానే తాతయ్య ఊరుకునేవాడు కాదు. "ఈ అడిగినవాడికి ఈమధ్యనే తండ్రి పోయి ఉంటాడు, అందుకే అంత నెమ్మదిగా చెప్పాడాయన" అనో, "ఇది అన్నదమ్ముల తగాదారా, శాస్త్రం కాదు" అనో, ఆ ఉత్తరం వెనుక ఉన్న మనిషిని ఊహించుకుంటూ సాయంత్రం దాకా మాట్లాడేవాడు. జవాబు ఎంత ముఖ్యమో, అడిగినవాడెవడన్నది కూడా అంత ముఖ్యమని నాకు మొదట తెలిసింది ఆ వసారాలోనే. అయితే అక్కడ నేర్చుకున్నానన్న సంగతి అప్పుడు తెలియలేదు, అరుణాచలం బస్సులో తెలిసింది.

రేడియో తరువాత క్యాసెట్లు, వాటి తరువాత ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. 2007లో భక్తి టీవీ, 2008లో తిరుమల తిరుపతి దేవస్థానాల ఎస్వీబీసీ మొదలయ్యాయి. కాకినాడలో భారత ఆహార సంస్థ ఉద్యోగం చేసుకుంటూ చాగంటి కోటేశ్వరరావు గారు చెప్పిన ప్రవచనాలు చేతి నుంచి చేతికి, పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కి పాకి, చివరికి యూట్యూబ్‌లో స్థిరపడ్డాయి. 2016లో మొబైల్ డేటా చౌక కావడంతో అది పల్లెటూళ్లకూ చేరింది. వీటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. గంటన్నర ప్రవచనం గంటన్నర ప్రవచనంగానే ఉండేది. వినేవారు మధ్యలో నిద్రపోవచ్చు, లేచి పోవచ్చు, కాని కథ మొదలూ తుదీ ఉన్నచోటనే ఉండేవి.

2020లో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఒకటి, గుడి తలుపులు మూతపడ్డాయి. తిరుమలలోనే మార్చి 20 నుంచి జూన్ రెండోవారం దాకా భక్తులకు దర్శనం లేదు. స్వామికి కైంకర్యాలు జరుగుతున్నాయి గాని చూసేవారు లేరు, ఉన్నవారు తెరల ముందు ఉన్నారు. నాదనీరాజనం వేదిక మీది సుందరకాండ పారాయణాన్ని ఇళ్లలో టీవీ ముందు, ఫోన్ ముందు పుస్తకం పెట్టుకొని గొంతు కలిపినవారిని నేను ఎరుగుదును. ఆ ఆగస్టులో ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలైంది. ఇంట్లో కూర్చొని గోత్రనామాలు చెప్పుకుంటే, ప్రసాదం తపాలాలో ఇంటికి వచ్చింది. రెండోది, ఆ జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించారు, జూలైలో రీల్స్, సెప్టెంబరులో షార్ట్స్ మన దేశంలోకి వచ్చాయి. అప్పుడు మా అక్క కొడుకు వయసు పదిహేడు. తలుపులు మూసిన ఇంట్లో, ఇంటర్ పరీక్షలు జరుగుతాయో జరగవో తెలియని నెలల్లో, ఆ పిల్లల తరం భక్తిని ముప్పై సెకన్ల కొలతతో మొదటిసారి రుచి చూసింది. ఇది ఎవరూ పథకం వేసి చేసినది కాదు.

ఈ తరం ఫోన్ దగ్గరికి ఎందుకు వెళుతుందో కూడా చెప్పాలి. నేను చదువు చెప్పే అమ్మాయిలు అడిగే ప్రశ్నలు వింటే, వాటిలో చాలా భాగం ఇంట్లో అడిగితే చివాట్లు తినేవే. బహిష్టు రోజుల్లో మనసులో స్తోత్రం చదువుకుంటే తప్పా? ప్రేమించినవాడిది వేరే మతమైతే దేవుడికి కోపం వస్తుందా? నాకు అసలు నమ్మకం కలగడం లేదు, దీపం మాత్రం అమ్మ కోసం పెడుతున్నాను, అది మోసమా? ఈ మూడో ప్రశ్న అడిగిన అమ్మాయి నా దగ్గరికి రావడానికి ముందు ఏడాది పాటు ఆ ప్రశ్నను రాత్రిపూట శోధన పెట్టెలో రకరకాలుగా తిప్పి రాసి చూశానని చెప్పింది. మా కాలంలో అలాంటి ప్రశ్న పుడితే దాన్ని పెట్టుకోవడానికి చోటు ఉండేది కాదు. అది లోపలే ఉండి కుళ్లేది, లేదా పెళ్లయ్యాక పిల్లల పనుల్లో పడి మరిచిపోయేవాళ్లం. ఎవరూ చూడకుండా అడగగలిగే చోటు దొరకడం చిన్న లాభం కాదు. ఫోన్‌ను తిట్టే పెద్దలు, ఆ పిల్ల తమ ముఖం చూసి ఎందుకు అడగలేకపోయిందో కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.

పౌర్ణమికి ముందురోజు సాయంత్రం ఎక్కిన ఆర్టీసీ ప్రత్యేక బస్సులో సగానికి పైగా ముప్పై ఏళ్ల లోపువారే ఉన్నారు. కాణిపాకం, శ్రీపురం చూపించి అరుణాచలం తీసుకువెళ్లే ఈ బస్సులు ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ నడుస్తున్నాయి. మా చిన్నప్పుడు అరుణాచలం వెళ్లడమంటే అదొక ప్రత్యేకమైన మనుషుల వ్యవహారం. రమణ మహర్షి శిష్యుడు కావ్యకంఠ గణపతిముని పేరు తెలిసినవారు, సాహిత్యం చదివి, రచయిత చలం 1950లో వెళ్లి అక్కడే ఎందుకు ఉండిపోయాడో అని ఆశ్చర్యపడినవారు, అలాంటివారు వెళ్లేవారు. ఇప్పుడు బస్సులో నా పక్క సీటులో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినికి ఆ పేర్లేవీ తెలియవు గాని, కొండ చుట్టూ దారిలో ఉన్న అష్టలింగాల పేర్లు ఇంద్ర, అగ్ని, యమ, నిరృతి, వరుణ, వాయు, కుబేర, ఈశాన్య అని వరుస తప్పకుండా చెప్పింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, ఫోన్ చూపించింది. అరుణాచలం గురించి చెప్పిన ప్రవచనాలు, ఆ తరువాత వచ్చిన రీళ్లు, వాటిని చూసి వెళ్లినవారు తీసిన మరిన్ని రీళ్లు కలిసి ఆ దారిని తెలుగువారి దారిగా చేశాయి. తిరువణ్ణామలైలో దుకాణాల మీద తెలుగు బోర్డులు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

బస్సు ఒంగోలు దాటాక వాణ్ణి అడిగాను, ఏ ప్రవచనం విని ఉద్యోగం మాయ అన్నావో ఒకసారి నాకూ వినిపించమని. వాడు సిగ్గుపడకుండా ఒక ముక్క వినిపించాడు. నలభై సెకన్లు ఉంది. వెనుక వేణువు, కింద అక్షరాలు, తెర మీద ఎవరో కొండ అంచున నిలబడి సూర్యోదయాన్ని చూస్తున్నారు. గొంతు మాత్రం మంచి విద్వాంసుడిది. భార్య, బిడ్డలు, ధనం, దేహం, ఇవి నిలిచేవి కావని తెలిసి కూడా మనిషి వాటినే పట్టుకొని వేలాడుతున్నాడని, విడిచిపెట్టవలసిన సమయం వచ్చినప్పుడు విడిచిపెట్టడమే వివేకమని ఆ మాటల సారాంశం. ఆ విద్వాంసుడి పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే జరిగినదానిలో ఆయన తప్పు ఏమీ లేదు. మాటల్లో ఎక్కడో విన్న వాసన తగిలి, దీని అసలు ప్రవచనం వెతకమన్నాను. కొంచెంసేపు వెతికితే దొరికింది. భాగవత సప్తాహంలో మొదటి రోజుది, గంటా నలభై నిమిషాలు. ఆ నలభై సెకన్లు అందులో గంట దాటాక ఎక్కడో ఉన్నాయి.

వాడు అది అంతకుముందు వినలేదు. ఒక చెవి వాడికి, ఒక చెవి నాకు పెట్టుకొని, నెల్లూరు దాటేవరకు ఇద్దరం విన్నాం. ఆ మాటలు పరీక్షిత్తుకు చెప్పినవి. ముని మెడలో చచ్చిన పామును వేసి, ముని కొడుకు శాపం తగిలి, ఏడోనాడు తక్షకుడి కాటుకు చనిపోతానని తెలిసిన రాజు అతను. రాజ్యం ఏలాడు, కలిని నిగ్రహించాడు, కొడుకు జనమేజయుడికి పట్టం కట్టాడు, చేయవలసిన పనులన్నీ చేసి గంగ ఒడ్డున కూర్చొని, చావబోయేవాడు ఏం వినాలి, ఏం చేయాలి అని శుకుణ్ణి అడిగాడు. విడిచిపెట్టు అన్న మాట ఆ ప్రశ్నకు జవాబు.

మరి ఇదే వంశంలో రెండు తరాల వెనక్కి వెళితే, ఆ పరీక్షిత్తు తాత అర్జునుడు యుద్ధభూమిలో విల్లు కింద పడేసి, గురువులను చంపి తినే రాజభోగం కంటే బిచ్చమెత్తుకు బతకడం మేలు అన్నాడు. చూడడానికి అది కూడా వైరాగ్యమే. అతనికి కృష్ణుడు విడిచిపెట్టు అని చెప్పలేదు, లే అన్నాడు. తాతకు ఒక జవాబు, మనవడికి ఇంకొక జవాబు. రెండూ శాస్త్రమే, రెండూ మన పిల్లల ఫోన్లలో వేణునాదంతో తిరుగుతున్నాయి. ఒకదాని కింద ఒకటి వేలితో తోసుకుంటూ పోయే పిల్లవాడికి, తాను తాతగారి స్థితిలో ఉన్నాడో మనవడి స్థితిలో ఉన్నాడో చెప్పేవారు లేరు.

వేదాంత గ్రంథాలు మొదలుపెట్టేటప్పుడు అనుబంధ చతుష్టయం అని ఒకటి చెబుతారు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. అధికారి అంటే ఆఫీసులో కూర్చునేవాడు కాదు, ఈ చెప్పబోయేది ఎవరి కోసమో అతను. మందు సీసా మీద ఎవరికి, ఎంత మోతాదో రాసినట్టు, ఏ మాట ఎవరికో ముందే రాసి పెట్టుకున్న సంప్రదాయం మనది. ఉషశ్రీ ఉత్తరాలకు జవాబు చెప్పినప్పుడు మా తాతయ్య ఊహించుకున్నది ఈ అధికారినే. నలభై సెకన్ల ముక్కలో మొదట కత్తిరింపుకు గురయ్యేది కూడా ఇతనే. ముక్క చేసేవారికి జవాబు కావాలి, ఎందుకంటే ఆపి వినిపించేది జవాబే. ప్రశ్న నిడివి పెంచుతుంది, అడిగినవాడి ఊరూ పేరూ అయితే మరీ అడ్డం.

ఇది హిందువుల ఇళ్లలోనే జరుగుతున్నదని కాదు. మా కళాశాలలో చదివిన ఒక క్రైస్తవ అమ్మాయి, గుంటూరులో తరతరాలుగా లూథరన్ సంఘానికి వెళ్లే కుటుంబం, డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తనకు వచ్చిన వాగ్దాన వాక్యాన్ని ఏడాదంతా వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుంది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు మీ గురించి తలపెట్టినవి మేలైన ఉద్దేశాలేగాని హాని కలిగించేవి కావని, రాబోయే కాలంలో నిరీక్షణ కలుగుతుందని చెప్పే మాట. ఆ ఏడాది ఆమెకు పీజీ సీటు రాలేదు, దేవుడు మాట తప్పాడని చాలా బాధపడింది. ఒకరోజు బైబిల్ యాప్‌లో ఆ వచనం మీద వేలు పెట్టగా అధ్యాయమంతా తెరుచుకుంది. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవారికి యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందున్న పదో వచనంలో, డెబ్బై ఏళ్లు గడిచాక అని ఉంది. అంతకు ముందు, ఆ పరాయి ఊళ్లోనే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి అని ఉంది. "మేడమ్, నాకు వచ్చిన వాగ్దానంలో డెబ్బై ఏళ్లు కత్తిరించేశారు" అని నాతో చెప్పి నవ్వింది. ఆ నవ్వు తరువాత ఆమె విశ్వాసం తగ్గిందని నాకు అనిపించలేదు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, వచనాన్ని ముక్క చేసింది కాగితపు కార్డు, మళ్లీ ఉత్తరంగా అతికించి చూపించింది ఫోన్. కనుక ఫోన్ ముక్కలు చేస్తుంది, పుస్తకం కలిపి ఉంచుతుంది అన్న తేలిక లెక్క కుదరదు.

ఇంకొక అమ్మాయి, ముస్లిం కుటుంబం, అరబ్బీ పాఠం పక్కన తెలుగు అర్థం ఉన్న యాప్‌లో రంజాన్ నెలంతా ఖురాన్ చదివింది. అరబ్బీలో పఠించడం చిన్నప్పుడే వచ్చు గాని అర్థం తెలుగులో చదవడం అదే మొదటిసారట. ఆమె చెప్పిన మాటతో నాకు కొత్త సంగతి ఒకటి తెలిసింది. ఒక ఆయతు ఏ సందర్భంలో, ఎవరి విషయంలో అవతరించిందో చెప్పే విద్య ఒకటి వాళ్ల చదువులో ప్రత్యేకంగా ఉందట, ఇంట్లో పెద్దలు దాన్ని షానె నుజూల్ అంటారట. ఏదైనా ఆయతు ముక్కగా ఎవరైనా పంపితే వాళ్ల నానమ్మ ముందు దాని షానె నుజూల్ ఏమిటని అడుగుతుందట. మా తాతయ్యా ఆ నానమ్మా ఒకే వసారాలో కూర్చుంటే బాగుండేదనిపించింది.

మాటలాడే యంత్రాల, అంటే చాట్‌బాట్ల, సంగతి ఇందులో కొసరు. 2023 మొదట్లో భగవద్గీత ఆధారంగా జవాబులు చెబుతామనే సాధనాలు మన దేశంలో కొన్ని వచ్చాయి. ధర్మాన్ని కాపాడడానికి చంపడం తప్పు కాదని వాటిలో కొన్ని జవాబిచ్చినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అది తప్పు జవాబు అని చాలామంది కోప్పడ్డారు. కురుక్షేత్రంలో, ఇరువైపులా సేనలు నిలిచిన తరువాత, రాయబారాలన్నీ విఫలమైన తరువాత, ఒక క్షత్రియుడు అడిగినదానికి చెప్పిన జవాబును, రాత్రి గదిలో ఒంటరిగా ఉన్న ఎవడికో చెబితే అలాగే ఉంటుంది. అందులో యంత్రానికి తెలియనిది శ్లోకం కాదు, ఎదుటివాడు.

తెల్లవారుజామున చెప్పులు బస్సులోనే వదిలి గిరిప్రదక్షిణ మొదలుపెట్టాం. రాజగోపురం చీకట్లో కూడా తలెత్తితేగాని అందలేదు. దాన్ని మొదలుపెట్టించినవాడు శ్రీకృష్ణదేవరాయలని వాడి స్నేహితుడొకడు చెబితే, అదీ రీల్‌లోనే విన్నాడని తెలిసి, చరిత్ర పాఠాలు చెప్పే మా సహోద్యోగి గుర్తుకు వచ్చి జాలి వేసింది. కుర్రాళ్లు ప్రతి లింగం దగ్గరా ఆగి దండం పెట్టుకోవడం ఒక నిమిషం, వీడియో తీసుకోవడం మూడు నిమిషాలు. మొదట విసుగు వేసింది గాని, అగ్నిలింగం దగ్గర ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి పట్టుకొని, ఊళ్లో మంచం మీద ఉన్న నానమ్మకు వీడియో కాల్‌లో హారతి చూపిస్తుంటే, ఆమె రెండు చేతులూ జోడించడం నాకు కనిపించింది. తరువాత నేను విసుక్కోలేదు.

రమణాశ్రమం దగ్గరికి వచ్చేసరికి వాడు తన దగ్గరున్న పెద్ద ఆయుధం తీశాడు. "రమణులు పదహారేళ్లకే ఇంట్లో చెప్పకుండా వచ్చేశారు కదా పిన్నీ, వాళ్లమ్మ కూడా ఏడ్చే ఉంటుంది కదా" అన్నాడు. నిజమే, 1896 సెప్టెంబరు 1న ఆ బాలుడు ఇక్కడికి చేరాడు, మళ్లీ ఈ కొండ విడిచి వెళ్లలేదు. కాని అదే రమణులు, ఇల్లు వదిలి సన్న్యసిస్తామని వచ్చిన గృహస్థులను చాలాసార్లు వద్దని వెనక్కి పంపారు. ఉన్నచోటనే ఉండి విచారణ చేసుకోమన్నారు. నేనెవరు అన్న విచారణ మీద ఆయన చెప్పినదంతా కూడా ఎవరో అడిగితే చెప్పినదే. 1902 ప్రాంతంలో రెవెన్యూ శాఖలో పనిచేసే శివప్రకాశం పిళ్లై కొండ మీద ఉన్న ఆయన దగ్గరికి వచ్చి కొన్ని ప్రశ్నలు అడిగాడు. మాట్లాడడం మానేసి ఉన్న ఆ యువకుడు ఇసుకలో వేలితోనూ, పలక మీదా జవాబులు రాసి చూపించాడు. ఇసుకలో రాసింది ఆ పూటకే చెరిగిపోయి ఉంటుంది. అడిగినవాడు దాచుకున్నందువల్ల మనదాకా వచ్చింది, అందుకే అడిగినవాడి పేరు కూడా వెంట వచ్చింది.

ఇక్కడ మన తెలుగావిడ ఒకరు చేసిన పని కూడా వాడికి చెప్పాను. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని, తిరిగి తిరిగి ఈ ఆశ్రమానికి చేరిన సూరి నాగమ్మ, 1945 నుంచి 1950 దాకా తన అన్నగారికి తెలుగులో ఉత్తరాలు రాసింది. ఇవాళ ఆశ్రమంలో ఏం జరిగింది, ఎవరు వచ్చారు, ఏ అవస్థలో వచ్చారు, ఏమడిగారు, భగవాన్ నవ్వారా, ఊరుకున్నారా, ఏమన్నారు, ఇదే వాటిలో ఉంటుంది. కోతులూ, ఆవులూ, వంటింటి తగాదాలూ కూడా ఉంటాయి. ఒక జవాబును ముక్క చేయకుండా దాచడం ఎలాగో తెలియాలంటే, వీడియోలు కత్తిరించే పిల్లలకు ఆ ఉత్తరాలు చదివించాలని నాకు ఉంటుంది.

ఇంత చెప్పాక వాడు ఒప్పుకున్నాడని అనుకుంటారేమో. వరుణలింగం దాకా మాట్లాడకుండా నడిచి, అక్కడ మంచినీళ్లు తాగుతూ, "పరీక్షిత్తుకు ఏడు రోజులేనని నాకు ముందే తెలుసు పిన్నీ. మనకూ ఏడు రోజులే. ఆదివారం నుంచి శనివారం లోపల ఏదో ఒక వారం నాడే కదా ఎవరైనా పోయేది" అన్నాడు. ఈ మాట ప్రవచనాల్లో చాలామంది చెప్పేదే, నేనూ విన్నదే. అయినా ఇరవై రెండేళ్లవాడు చెప్పులు లేని కాళ్లతో, మంచినీళ్ల సీసా చేత్తో పట్టుకొని అంటే నాకు జవాబు తోచలేదు. నా అధికారి భేదం, అనుబంధ చతుష్టయం అన్నీ ఆ మాట ముందు కాసేపు చిన్నబోయాయి. ఎవరికి ఏ మాట తగులుతుందో నిర్ణయించే పని నాదెలా అయింది అనిపించింది.

వాయులింగం దాటాక వాడే మళ్లీ మొదలుపెట్టాడు. తనకు వైరాగ్యం కాదని, సిగ్గు అని. తన గదిలో ఉండి చదువుకున్న ముగ్గురూ ఉద్యోగాల్లో చేరి జీతాల మాట మాట్లాడుతుంటే వాళ్ల గ్రూపులోంచి బయటికి వచ్చేశాడట. మూడోసారి వాయిదా మెయిల్ వచ్చిన రాత్రి నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే ఆ నలభై సెకన్లు వచ్చాయట. నాలుగైదుసార్లు చూశాడట. మరునాటి నుంచి తెరిచినప్పుడల్లా అలాంటివే వచ్చాయట. వాడు ఆగి చూశాడని ఫోన్‌కు తెలుసు. ఎందుకు ఆగాడో దానికి తెలియదు. మాకు మాత్రం తెలుసా? మా అక్క ఏడ్చింది, నేను జోకు వేశాను. నెల రోజులకు పైగా ఒకే ఇంట్లో ఉన్న తల్లీ, రోజూ పిల్లలతో మాట్లాడే వృత్తిలో ఉన్న పిన్నీ అడగని ప్రశ్నను ఫోన్ అడగలేదని దాని మీద నేరం మోపడానికి నాకు నోరు రాలేదు.

కుబేరలింగం దగ్గరికి వచ్చేసరికి ఎండ ఎక్కింది, నా అరికాళ్లు మండుతున్నాయి. వాడు తన కండువా తీసి చింపి నా కాళ్లకు చుడతానన్నాడు, నేను వద్దన్నాను, ఇద్దరం వాదించుకున్నాం. ఈశాన్యలింగం దగ్గర వాడి స్నేహితులు ఫోటో తీస్తే అందులో నేను కళ్లు మూసుకొని ఉన్నాను. ధ్యానంలో ఉన్నట్టుందని వాళ్లు అన్నారు. నిజానికి నిద్రలో ఉన్నాను.

వాడి కంపెనీ నుంచి ఇంకా కబురు రాలేదు. మా పక్క వీధిలో ఒక ట్యూషన్ కేంద్రంలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ప్రవచనాలు వింటూనే ఉన్నాడు, ఇప్పుడు నిడివివి ఎక్కువ వింటున్నానంటాడు, నేను పరీక్షించలేదు. వచ్చే పౌర్ణమికి మళ్లీ బస్సు టికెట్లు తీశాడు, ఈసారి వాళ్లమ్మకు కూడా. మా అక్కకు రెండు మోకాళ్లూ నొప్పులే. పద్నాలుగు కిలోమీటర్లు నడవగలనా అని నన్నడిగితే, మోకాళ్ల నొప్పులున్నవారు గిరిప్రదక్షిణ ఎలా చేయాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి, చూడమన్నాను.

"అన్నీ చూశానే" అంది. "నా మోకాళ్ల సంగతి వాళ్లకేం తెలుసు?"